ఎడమ వైపు చక్రం

చక్రం కాలి మీద పడి ఎంతసేపయిందో అతనికి తెలీదు. వాచీ చేతికే ఉంది. అందులో ముళ్లు కనపడాలంటే కళ్లజోడు కావాలి, కళ్లజోడేమో క్యాబిన్‌లో దేవుడి పటం కింద భద్రంగా ఉంది. ఇందాక పాదాల దగ్గరున్న లారీ నీడ ఇప్పుడు నడుము దాకా పాకింది, అంటే ముక్కాలు గంటో, గంటో. వీపుకి కొండ గట్టు ఆనుకుని ఉంది, ఎదురుగా లారీ పక్క భాగం గోడలా నిలబడి ఉంది, మధ్యలో ఒక మంచం పట్టేంత జాగా. ఆ జాగాలో అతనూ, అతని కుడి కాలి మీద అడ్డంగా పడుకున్న వెనక చక్రమూ. రోడ్డు లారీకి అటువైపు. ఇటు పక్క ఒక మనిషి ఉన్నాడని ఆ కొండకి తెలుసు, పైన దేవుడికి తెలుసు, ఇంకెవరికీ తెలీదు. వేళ్లు కదిపి చూశాడు. బొటనవేలు కదిలింది, తక్కినవి దాని వెనకే కదిలాయి. ఎముక విరగలేదు. వాన నీళ్లు కోసిన చిన్న కాలవలో కాలు ఇరుక్కోబట్టి విరగలేదు, ఆ కాలవ ఎవరు తవ్వించారో గానీ స్వామీ, నీ దయ. కానీ అదే కాలవలో కాలు బిగుసుకుపోయింది, లాగితే రావడం లేదు, దీన్ని దయ అనాలో ఇంకేమనాలో. రెండు చేతులూ టైరు కింద పెట్టి ఎత్తాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. మొదటిసారి ఒక వేలు మందం లేచింది. నాలుగోసారి అస్సలు లేవలేదు, అతనే పైకి లేచి కూలబడ్డాడు. పానా, దాని మీద తొడిగే ఇనప పైపు లారీ కింద పడి ఉన్నాయి, చెయ్యి చాపితే ఒక జానెడు దూరం. ఆ జానెడు కోసం భుజం పీకేసుకున్నంత పని చేశాడు. జానెడు జానెడే.

ఆ పైపుని చూస్తుంటే నవ్వొచ్చింది. అతని వయసు లెక్క పుట్టినరోజుల్లో లేదు, ఆ పైపులో ఉంది. కొత్తలో పైపే లేదు, ఉత్త పానా చాలు, ఒంటి కాలితో తొక్కితే నట్టు కిర్రుమని వదిలేది, చక్రం మార్చడమంటే బీడీ తాగినంత పని, వానలో మార్చాడు, బురదలో మార్చాడు, ఒకసారి పెళ్లి బట్టల్లో మార్చి పెళ్లికూతురి చేత మొదటి మాటగా తిట్టు తిన్నాడు. నలభై దాటాక మూరెడు పైపు వచ్చింది. అందరూ వాడతారు, తప్పేముంది అనుకున్నాడు. యాభైలో అది రెండు మూరలయింది. యాభై ఆరులో, చక్రం బిగించాక ఊరికే కాసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు, ఇంజను చల్లారనీ అని తనకి తనే చెప్పుకున్నాడు, చల్లారుతున్నది ఇంజను కాదని తెలిసే. ఇప్పుడున్న పైపు అతని కంటే పొడుగు. ఇంకా పొడుగు పైపు కావాలంటే దాన్ని మొయ్యడానికి ఇంకో లారీ కావాలి అని ఇంటావిడ ఒకసారి అంది. ఆవిడ మాటలు అంతే, చేతిలో కూరగాయల కత్తి ఆగదు, నోట్లో మాట ఆగదు.

అసలింతకీ ఈ అవస్థకి కారణం చక్రం కాదు, అతనే. తొమ్మిదేళ్లుగా నడుపుతున్న తన బండి షెడ్డుకి వెళ్లింది, ఈ ఒక్క ట్రిప్పుకి ఈ పాతది తీసుకెళ్లు అన్నాడు ఓనరు. పైనున్న ఆఖరి ఊళ్లో సిమెంటు దించాడు, ఖాళీ బండితో దిగుతున్నాడు, మలుపు దగ్గర వెనక ఎడమ వైపు బయటి చక్రం ఢామ్మంది. సరే. ముందు చక్రాలకి రాళ్లు పెట్టాడు, జాకీ ఎత్తాడు, స్టెప్నీ దించాడు, అన్నం డబ్బా మూత తీసి పక్కన పెట్టుకున్నాడు, నట్లు అందులో వేసుకుంటే పోవు, ముప్ఫై ఏళ్ల అలవాటు. పానా తగిలించి తిప్పాడు. నట్టు కదల్లేదు. పైపు తొడిగాడు. కదల్లేదు. పైపు చివర నిలబడి ఎగిరాడు, ఈ వయసులో, ఆ కొండ కింద, ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకుంటారు. కదల్లేదు. రెండో నట్టు, మూడో నట్టు. అయిపోయింది, ఒంట్లో సత్తువ అయిపోయింది, ఇదే ఆ రోజు అనుకున్నాడు. కళ్లలోకి చెమట దిగింది. తుడుచుకుని, ముఖం బోల్టు దగ్గర పెట్టి చూశాడు, అప్పుడు కనపడింది బోల్టు నెత్తిన మట్టి కింద చెక్కిన గుర్తు. ఇంగ్లీషు ఎల్ అక్షరం, ఎడమ అని. పాత బళ్లకి ఎడమ వైపు మరలు తిరకాసుగా ఉంటాయి. లోకంలో నట్లన్నీ ఎటు తిప్పితే వదులవుతాయో, ఇవి అటు తిప్పితే బిగుస్తాయి. ముక్కాలు గంట సేపు అతను వాటిని విప్పుతున్నాననుకుంటూ బిగిస్తూ వచ్చాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, దేవుణ్ణి తలుచుకుని, పైపు మీద ఎగిరి మరీ బిగించాడు.

పొద్దున్న గేటు దగ్గర మేస్త్రి చెప్పనే చెప్పాడు. మేస్త్రి అంటే అతనికి పని నేర్పిన పాత డ్రైవరు, ఇప్పుడు లారీ ఆఫీసు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వెళ్లే ప్రతి బండి టైర్లనీ కర్రతో కొట్టి చప్పుడు వింటాడు. వినమని ఎవరూ చెప్పలేదు, జీతం గేటు తియ్యడానికే. పొద్దున్న ఈ బండి ఎడమ వైపు కర్రతో రెండు దెబ్బలు వేసి, "ఒరేయ్, పాత బండి. గుర్తుందిగా?" అన్నాడు. "ఆఁ, గుర్తుందిలే" అని అతను చెయ్యి ఊపి బండిని గేటు దాటించాడు. ఏం గుర్తుందని అడుగుతున్నాడో కూడా ఆగి వినలేదు. ఆ కుర్చీ వైపు చూడటం అతనికి ఇష్టం ఉండదు. ఒకప్పుడు ఈ కొండ దారుల్లో ఒంటి చేత్తో స్టీరింగు తిప్పిన మనిషి, ఇప్పుడు ఆ కుర్చీ కాళ్లకి గుడ్డలు చుట్టుకుంటాడు, నేల మీద చప్పుడవకుండా. పోయిన నెల ఓనరు నవ్వుతూ, "గేటు దగ్గర ఇంకో కుర్చీకి చోటుంది పెద్దాయనా" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

సంగతి తెలిశాక నట్లు విప్పడానికి రెండింతలు కష్టపడ్డాడు, తన చేత్తో తను బిగించినవి కదా. పదో నట్టు, ఆఖరిది, మూతలో పడింది. అక్కడ ఆగాల్సింది. నీళ్లు తాగి కూర్చోవాల్సింది. కానీ పోయిన ముక్కాలు గంటని ఎలాగైనా వెనక్కి లాక్కోవాలనిపించింది, చక్రాన్ని పట్టుకుని లాగాడు, అది బోల్టుల మీంచి జారి, పాత స్నేహితుడిలా మీదకి వాలింది. వెనక్కి అడుగేశాడు, మడమకి రాయి తగిలింది. తర్వాత ఇదిగో, ఇలా.

దీపం గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట నడుం పట్టి పది రోజులు మంచం మీద ఉన్నప్పుడు ఇంటావిడ అతన్ని దేవుడి అల్మారా ముందు నిలబెట్టింది. "ఇంక బండి చాలు అనండి" అంది. "ఒక్కడినే చక్రం మార్చలేని రోజున చాలు అంటాను" అన్నాడు. చాలా తెలివిగా అన్నాననుకున్నాడు, అలాంటి రోజు రాదు గదా. "అయితే దీపం మీద చెయ్యి పెట్టి చెప్పండి." "కాలుతుందే." "అబద్ధమైతేనే కాలుతుంది." పెట్టాడు. కాలింది, కొంచెం. చెప్పలేదు. అప్పటినుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆవిడ "తిన్నారా" అన్న తర్వాత అడిగే మాట "టైరు పోయిందా" అని. పోయిందంటే, "ఎవరు మార్చారు?" అని. ఇప్పటిదాకా నిజమే చెప్పాడు. నేనే. నేనే. నేనే. ఆ షరతు ఎవరు పెట్టారు, అతనే. ఆ బోనుకి తలుపు ఎవరు వేశారు, అతనే. తనే కట్టుకున్న గదిలో తనే గొళ్లెం వేసుకుని, తాళం దేవుడి చేతిలో పెట్టి, స్వామీ నువ్వే చూసుకో అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. రోజూ స్టీరింగుకి దణ్ణం పెట్టి ఎక్కుతాడు, ఒక్క రోజు తప్పలేదు. అయినా ఆయన టైరు పేలకుండా ఆపలేదు. ఆపాలని కాదు. అడుగుతున్నాడంతే. అడగొచ్చా? పిల్లలు తండ్రిని అడగరా?

కింద నుంచి జీపు ఒకటి వచ్చింది. చప్పుడు వినపడగానే "ఓయ్" అని అరిచాడు. లారీ గోడకి తగిలి ఆ కేక అతని ముఖం మీదే పడింది. జీపు హారను కొట్టి, దారిచ్చినందుకు మర్యాదగా ఇంకోసారి కొట్టి, వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఒక చీమ టైరు మీద అక్షరాలన్నీ చదువుకుంటూ తిరిగింది. ఇంటి దగ్గర ఇప్పుడు ఆవిడ బట్టలు మడతపెడుతూ ఉంటుంది, అతని చొక్కా మడత వేరు, ఆవిడ చీర మడత వేరు, చొక్కా మాత్రం గట్టిగా అరచేత్తో నొక్కుతుంది, లోపల మనిషి ఉన్నట్టు. అతను ఇంట్లో ఉన్న రోజు ఆ చెయ్యి అంత గట్టిగా నొక్కదు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఉంటే అతనికి ఏ గదిలో కూర్చోవాలో తెలీదు, వంటింట్లో కూర్చుంటే అడ్డం, వాకిట్లో కూర్చుంటే దారిలో పోయేవాళ్లంతా "ఏం, బండి లేదా?" అంటారు. సీటులో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. ముప్ఫై నాలుగేళ్లుగా లోకాన్ని ఆ అద్దంలోంచే చూశాడు, అద్దం తీసేస్తే లోకం ఎంత ఉంటుందో.

అప్పుడు బస్సు వచ్చింది. పైన ఆఖరి ఊరికి పోతున్న బస్సు, మళ్లీ ఇదే దారిన దిగొస్తుంది, దాని ఇంజను మూలుగు దూరం నుంచే తెలుస్తుంది. వచ్చింది, నెమ్మదించింది, ఆగింది. నిజంగానే ఆగింది. చెప్పుల చప్పుడు, ఆడమనిషి గొంతు, కండక్టరు.

"ఓ డ్రైవరన్నా! ఏమైంది? సాయం కావాలా?" క్యాబిన్ తలుపు మీద తట్టింది. "ఎవరూ లేరే."

"నీళ్లకి వెళ్లుంటాడు, ఎక్కు" అని బస్సు డ్రైవరు.

"నీళ్లకి వెళ్లేవాడు జాకీ ఎత్తి వెళ్తాడా?"

"అయితే ఇంకో పనికి వెళ్లుంటాడు. పిలవకు తల్లీ, పొదలో సిగ్గుపడి చస్తాడు."

బస్సులో నవ్వులు. "తాతా!" అని ఇంకోసారి పిలిచింది కండక్టరు. లోపల తొంగి చూసి కళ్లజోడు చూసుంటుంది, అందుకే తాత. అతను నోరు తెరిచాడు. ఊపిరి నిండా తీసుకున్నాడు. ఆ ఊపిరికీ మాటకీ మధ్య, ఒక్క సందులో, దీపం కనపడింది, ఆవిడ ముఖం కనపడింది, ఎవరు మార్చారు అన్న మాట వినపడింది, గేటు పక్కన గుడ్డలు చుట్టిన ఇంకో కుర్చీ కనపడింది. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం, ఈసారి లేస్తుందేమో, ఒక్కసారి, ఆ తర్వాత పిలుద్దాం అనుకున్నాడు. బస్సు తలుపు మూసుకుంది. గేరు పడింది. "అమ్మా!" అని అరిచేసరికి అది ఇంజను అరుపులో కలిసిపోయింది, బస్సు మలుపు తిరిగింది, ఆ మలుపు దాని చప్పుడుని కూడా మింగేసింది.

అప్పుడు భయమేసింది. కాలి మీద చక్రం పడ్డప్పుడు వెయ్యలేదు, జీపు వెళ్లిపోయినప్పుడు వెయ్యలేదు. ఇప్పుడు వేసింది, ఆ భయం బయటి నుంచి రాలేదు. అటువైపు ఆగిన మనిషికి అతను వినపడకపోవడం వేరు. వినపడేంత దూరంలో ఉండి తనే పలకకపోవడం వేరు. ఎవరి ముందు నోరు మూసుకున్నాడు? ఇంటావిడ ముందా? ఆవిడ ఇక్కడ లేదే. దేవుడి ముందా? ఆయనకి నోరు మూసుకున్నా వినపడుతుంది. చక్రం కింద కాలు పెట్టుకుని పరువు కోసం నోరు మూసుకున్నవాడు, రేపు కన్ను మసకేసినా మూసుకుంటాడు, బ్రేకు పట్టడం ఆలస్యమైనా మూసుకుంటాడు, ఎదురుగా అలాంటి బస్సే వస్తుంటే, అందులో అంతమంది నవ్వుతూ ఉంటే. ఆ ఆలోచన అక్కడే ఆగింది, ముందుకి వెళ్లలేదు, వెళ్లనివ్వలేదు. స్వామీ, ఇంతసేపు ఎత్తమన్నాను, ఎత్తలేదు, పోనీ దించు అన్నాడు. అన్న తర్వాత తనన్న మాట తనే విన్నాడు. దించు. చక్రాన్ని పైకి ఎత్తలేకపోతే, కాలిని కిందకి దించొచ్చు.

మూతలోని పది నట్లూ ఒక్కొక్కటే తీసి పక్కన వరసగా పెట్టాడు. మూతతో కాలి పక్కన మట్టి తవ్వాడు. రోడ్డు పక్క మట్టి, పైన గులకరాయి, లోపల మెత్తన. ఒంగితే నడుం మండింది, కూర్చుంటే కాలు మండింది, మధ్యలో ఉండి తవ్వాడు. మూత అంచు వంగింది, తిరగేసి ఇంకో అంచుతో తవ్వాడు. దానికి వెనక ఇంటావిడ మేకుతో గీసిన చిన్న గుర్తుంది, డ్రైవర్లందరి డబ్బాలూ ఒకేలా ఉంటాయని. గుర్తు మట్టిలో కలిసిపోయింది. గుప్పెడు మట్టి, గుప్పెడు మట్టి, తొందర పడలేదు, తొందరపడి పొద్దున్నుంచి చేసినవన్నీ తిరకాసే అయ్యాయి. మోకాలి కింద వేలు దూరింది. తర్వాత చెయ్యి దూరింది. తర్వాత పిక్క కిందంతా బోలుగా అయి, కాలు దానంతట అదే అర అంగుళం కిందకి దిగింది, దిగితే చక్రానికీ దానికీ మధ్య గాలి వచ్చింది. ఆ గాలి తగిలితే అతను ఏడ్చాడు. మెల్లిగా కాలు తిప్పి, ముందు మడమ, తర్వాత పాదం, చెప్పు లోపలే ఉండిపోయింది, కాలు బయటికి వచ్చింది.

లారీ పట్టుకుని లేచాడు. పిక్క మీద తోలు లేచిపోయి నెత్తురు మట్టితో కలిసి గట్టిపడింది, కానీ కాలు నిలబెట్టింది. క్యాబిన్ ఎక్కి నీళ్లు తాగాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు. లోకం ఒక్కసారిగా అంచులు తేరి కనపడింది. దిగి వచ్చి, అలవాటు కొద్దీ, స్టెప్నీ అంచు కింద పైపు పెట్టి లేపాడు. లేచింది. నిలబడింది. దాన్ని దొర్లించి బోల్టుల దగ్గరికి తెచ్చాడు, పానా కింద పెట్టి అంగుళం అంగుళం ఎత్తితే ఎక్కుతుంది, అతనికి ఆ చిట్కా తెలుసు, అరగంట పడుతుంది, కానీ ఎక్కుతుంది. ఎవరూ చూడలేదు. ఇంటికెళ్లి నేనే మార్చాను అంటే అది అబద్ధం కూడా కాదు. అతను చక్రం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. అరచేతికి రబ్బరు వేడిగా తగిలింది. తర్వాత దాన్ని లారీకి ఆనించి, జారకుండా రాయి పెట్టి, కుంటుకుంటూ లారీ చుట్టూ తిరిగి అటువైపుకి, రోడ్డు మీదకి వెళ్లి నిలబడ్డాడు.

బస్సు తిరిగొచ్చేసరికి లారీ నీడ కొండ గట్టు మీదకి ఎక్కింది. అతను చెయ్యెత్తాడు.

"ఎక్కడికి పోయావు తాతా ఇందాక? గొంతు చించుకున్నాను" అంది కండక్టరు దిగుతూనే.

"ఇక్కడే ఉన్నానమ్మా. విన్నాను."

"విని పలకలేదా?"

"పలకలేదు."

ఆమె అతని కాలు చూసింది, ఒక కాలికే ఉన్న చెప్పు చూసింది. బస్సు వైపు తిరిగి, "దిగవయ్యా, నీ బొజ్జకి పని దొరికింది" అంది. బస్సు డ్రైవరు, బలమైన మనిషి, నలభై ఉంటాయి, స్టెప్నీని ఒక్క ఊపులో బోల్టుల మీదకి ఎక్కించాడు. అతను చూస్తూ నిలబడ్డాడు. చూస్తూ నిలబడటం ఎంత బరువో ఇన్నేళ్లలో తెలీదు. డ్రైవరు నట్టు పెట్టి తిప్పాడు, ఇంకోసారి తిప్పాడు, ముఖం చిట్లించాడు.

"మరలు పోయినట్టున్నాయి పెద్దాయనా. ఎక్కడం లేదు."

"బాగానే ఉన్నాయి నాయనా. పాత బండి, ఎడమ వైపు. అటు కాదు, ఇటు తిప్పు."

తిప్పాడు. నట్టు మెత్తగా లోపలికి వెళ్లింది. "భలే ఉందే" అన్నాడు డ్రైవరు. "నాకెవరూ చెప్పలేదు."

"నాకు చెప్పారు. పొద్దున్నే" అన్నాడు అతను, తర్వాతి నట్టు అందిస్తూ.

కొండ దిగాక సిగ్నలు దొరికే చోట బండి పక్కకి ఆపి ఫోను చేశాడు. ఆవిడ మొదటి మోతకే ఎత్తింది.

"తిన్నారా?"

"తిన్లేదు. మూత వంగిపోయింది."

"మూత వంగితే అన్నానికేమొచ్చింది? టైరు పోయిందా?"

"పోయింది."

అటువైపు కుళాయి కింద గిన్నెల చప్పుడు ఆగింది. "ఎవరు మార్చారు?"

"బస్సు డ్రైవరు" అన్నాడు. తర్వాత, "నేను పక్కన నిలబడ్డాను. చక్రం కాలి మీద పడింది. పెద్దదేం కాదు" అన్నాడు.

ఆవిడ దీపం ఊసెత్తలేదు, చెప్పానా అనలేదు. కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది.

"ఏ కాలు?"

"కుడిది."

"బ్రేకు కాలు" అంది. స్టీరింగు ఎప్పుడూ పట్టుకోని మనిషి.

"అవును. నొక్కి చూశాను. ఇంటిదాకా పనిచేస్తుంది."

"ఇంటిదాకా చాలు" అంది ఆవిడ.